గ్రౌండ్‌లో కుడితి తొట్టి

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ మధ్య జూన్ నెలలో ఎక్కువగా వినబడే వాక్యం "ఈ ఎండ మనకో లెక్కా?" అన్నదే అని నా అంచనా. మాట్లాడే మనిషిని బట్టి ఊరి పేరు మారుతుంది, అంతే. రెంటచింతల వాళ్ళు రెంటచింతల అంటారు, రామగుండం వాళ్ళు రామగుండం అంటారు. మాది కొత్తగూడెం. మాకు సింగరేణి బొగ్గు కూడా కలిసొస్తుంది కాబట్టి ఇంకాస్త గట్టిగా అంటాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో చెప్పుల్లేకుండా గల్లీ క్రికెట్ ఆడి పెరిగిన మనిషిని పట్టుకుని, శనివారం పదకొండింటి మ్యాచ్‌కి వడదెబ్బ జాగ్రత్తలు చెబితే నవ్వక ఏం చేస్తాడు?

ఈసారి శీర్షిక ఆ నవ్వు గురించే.

ఎండకి ఒళ్ళు అలవాటు పడటం అనేది నిజంగానే ఉంది. వేడిలో రోజూ కొంచెం కొంచెంగా ఒళ్ళు వంచి పనిచేస్తే, ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో లోపల మార్పులు వస్తాయి. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పోస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. కాబట్టి మనవాళ్ళు చెప్పేది పూర్తిగా కోతలని కొట్టిపారేయలేం. తిరకాసు ఎక్కడుందంటే, ఇది ఇంజనీరింగ్ డిగ్రీ లాగా ఒకసారి వస్తే గోడకి తగిలించుకునేది కాదు. ఎండలోకి వెళ్ళడం మానేస్తే వారం పది రోజుల్లో జారడం మొదలై, మూడు నాలుగు వారాల్లో దాదాపు అంతా పోతుంది. పద్నాలుగేళ్ళ కిందట కొత్తగూడెంలో సంపాదించుకున్న అలవాటు, నేను విమానం దిగిన నెలలోనే గడువు దాటిపోయింది. ఆ తర్వాత మనం చేసిందేమిటి? ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, కారులోంచి ఏసీ ఆఫీసులోకి. వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక ఆ కారు ప్రయాణం కూడా పోయింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా 74 డిగ్రీల ఫారన్‌హీట్‌లో కూర్చుని, శనివారం పొద్దున ప్యాడ్లు కట్టుకునే మనిషి ఒంట్లో కొత్తగూడెం ఎక్కడా లేదు. గడిచిన రెండు వారాలు మాత్రమే ఉన్నాయి.

టెక్సాస్ ఎండ తక్కువదేమీ కాదు. 1980 జూన్ 26, 27 తేదీల్లో డల్లాస్ ప్రాంతంలో 113 డిగ్రీలు నమోదైంది, అంటే మన లెక్కలో 45. 2011లో వంద డిగ్రీలు దాటిన రోజులు 71. అందులో నలభై రోజులు ఒక్కరోజు కూడా తెరిపి లేకుండా వరసగా వచ్చాయి. అయినా వందల డిగ్రీల రోజున జనం కాస్త భయపడతారు, నీళ్ళు తెచ్చుకుంటారు. నాకు ఎక్కువ భయం వేసేది మే చివర్లో, జూన్ మొదట్లో వచ్చే మొదటి వేడి శనివారం. ఎవరి ఒళ్ళూ ఇంకా సిద్ధంగా ఉండదు, ఉత్సాహం మాత్రం సీజన్ మొదట్లో ఉన్నంత ఉంటుంది. పైగా గల్ఫ్ నుంచి తేమ గాలి కొడుతూ ఉంటుంది.

ఆ తేమ సంగతి కృష్ణా, గుంటూరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఉక్కపోత అన్న మాట వాళ్ళకి పుట్టుకతో వచ్చింది. మిగతావాళ్ళ కోసం చెప్తాను. మన కండరాలు వాడుకునే శక్తిలో పనిగా మారేది ఇరవై, ఇరవై అయిదు పాళ్ళే. మిగతా అంతా వేడే. ఆఫీసులో సర్వర్ రూం ఎందుకంత చల్లగా ఉంచుతారో తెలిసిన జాతి మనది, కాబట్టి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. లోపల పుట్టిన వేడిని బయటికి పంపడానికి, బయట గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు, ఉన్న ఒకే ఒక దారి చెమట. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆవిరైతేనే సుమా. గాలి నిండా తేమ ఉన్నప్పుడు, లేదా ఎవరో రియల్టర్ స్పాన్సర్ చేసిన దళసరి నల్ల పాలియెస్టర్ జెర్సీ కింద, చెమట ఆవిరి కాదు. కారి కింద పడుతుంది. కింద పడ్డ చెమట వల్ల ఒంట్లో నీళ్ళు పోతాయి తప్ప ఒళ్ళు చల్లబడదు. ఆ రియల్టరు గారికి తెల్ల జెర్సీల మీద ఫోన్ నంబరు ఇంకా బాగా కనబడుతుందని మన కెప్టెన్లు ఎవరైనా చెబితే బాగుండు.

సీపీయూ వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మనిషి మెదడు కూడా అదే ప్రయత్నం చేస్తుంది. అలసట అనిపించడం, కాళ్ళు బరువెక్కడం అందుకే. కాకపోతే సీపీయూకి కెప్టెన్ ఉండడు. "ఇంకొక్క ఓవర్ వెయ్యరా" అనేవాడు ఉండడు. పెవిలియన్‌లో పిల్లల్ని పట్టుకుని చూస్తున్న భార్యా ఉండదు.

ఇక గడియారం సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు గానీ నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. మనకి ఊళ్ళో అలవాటైన లెక్క ఏమిటి? పన్నెండింటికి ఎండ నడినెత్తిన, రెండు మూడు గంటలకి మాడిపోయే వేడి, అయిదున్నరకి చల్లబడుతుంది, ఆరింటికి ఆటకి పోవచ్చు. విజయవాడలో జూన్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుంపావు లోపే, కాబట్టి అక్కడ ఆ లెక్క సరిపోయింది. డల్లాస్‌లో వేసవికి గడియారం గంట ముందుకి జరుపుతారు, ఊరేమో ఆ టైమ్ జోన్‌లో పడమటి వైపుకి ఉంది. రెండూ కలిసి ఇక్కడ నడిమధ్యాహ్నం అయ్యేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. రోజులో అత్యధిక వేడి సాయంత్రం నాలుగు, ఆరు గంటల మధ్య. అంటే గోడ గడియారం ఆరు కొట్టినప్పుడు సూర్యుడి లెక్కలో అది నాలుగున్నర. పొద్దుగూకేది ఎనిమిదీ నలభైకి.

ఇప్పుడు వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని తలుచుకోండి. ఇంట్లో ఏసీకి వణికి స్వెట్టరు వేసుకుని కూర్చుంటారు. టీ తాగి, అలవాటు ప్రకారం అయిదున్నరకి "కాస్త అలా తిరిగొస్తాం నాన్నా" అని బయల్దేరతారు. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో కొత్త కాలనీల్లో చెట్లన్నీ పెన్సిళ్ళంత ఉంటాయి, నీడ ఉండదు. సిమెంటు కాలిబాట పగలంతా కాగి ఉంటుంది. అరవై అయిదు దాటిన వాళ్ళకి దాహం సరిగా తెలియదు. అందులో సగంమంది బీపీ మందుల్లో ఒంట్లో నీటిని బయటికి పంపే బిళ్ళ ఒకటి కలిసి ఉంటుంది. మా నాన్నగారికి వాకింగ్ టైము మార్చమని చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చివరికి కిటికీలోంచి నీడ పొడవు చూపించి, ఇది మన ఊళ్ళో ఎన్ని గంటల నీడో చెప్పండి అన్నాను. ఆయన సర్వే డిపార్టుమెంటులో పనిచేసిన మనిషి. చూసి, "నాలుగుంబావు" అన్నారు. మర్నాటి నుంచి పొద్దున ఆరున్నరకే వెళ్ళి వచ్చేస్తున్నారు. ఇక్కడ అన్నిటికంటే చల్లటి సమయం సూర్యోదయం ముందూ వెనకా ఒక గంట. గాలిలో తేమ శాతం అప్పుడే ఎక్కువ అని కొందరు వాదిస్తారు, నిజమే గానీ మొత్తం మీద ఒంటి మీద పడే భారం అప్పుడే తక్కువ.

ఫోన్‌లో "ఫీల్స్ లైక్" చూసుకుని వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అమెరికా వాతావరణ శాఖ వాడే హీట్ ఇండెక్స్‌కి మూలం 1979లో రాబర్ట్ స్టెడ్‌మన్ అనే ఆయన వేసిన లెక్క. అందులో మనిషి నీడలో, కాస్త గాలి వీస్తుండగా, మామూలుగా నడుస్తున్నాడని ఊహించుకున్నారు. నేరుగా ఎండలో ఉంటే దాని మీద 15 డిగ్రీల దాకా కలుపుకోవచ్చని ఆ శాఖవాళ్ళే చెప్తారు. హెల్మెట్ పెట్టుకుని రెండేసి పరుగులు తీసే మనిషి ఆ లెక్కలోనే లేడు. అతని కోసం వేరే కొలత ఉంది, పేరు వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్. 1950లలో సౌత్ కరొలైనాలోని ప్యారిస్ ఐలండ్‌లో మెరీన్ సైనికుల శిక్షణ కోసం దాన్ని తయారుచేశారు. కుర్రాళ్ళు కవాతులో కుప్పకూలిపోతుంటే తయారుచేయాల్సి వచ్చింది. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరుకి 70 పాళ్ళు, ఎండలో పెట్టిన నల్ల గోళానికి 20, మామూలు గాలి వేడికి 10. తేమకి ఎంత పెద్దపీట వేశారో చూడండి. అది 90 ఫారన్‌హీట్ చేరితే నల్లజెండా ఎగరేస్తారు, శ్రమతో కూడిన శిక్షణ ఆపేస్తారు. సైన్యమే ఆపేస్తుంది. మన లీగుల్లో మాత్రం నాకౌట్ మ్యాచ్ ఆగదు. జార్జియా రాష్ట్రంలో 2012 నుంచి హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్‌లు ఈ మీటరు చూసి తీరాలి. అది 92 దాటితే బయట ప్రాక్టీసు బంద్, ఇక వాదన లేదు. ఈ కొలత ఇప్పుడు వాతావరణ శాఖ సైటులో కూడా దొరుకుతుంది. ఇరవై లక్షల లైన్ల కోడ్‌ని డాష్‌బోర్డుల్లో చూసుకునేవాళ్ళం, ఇదొకటి చూడలేమా.

వడదెబ్బ అన్న మాట దగ్గర మన భాషకి ఒక ఇబ్బంది ఉంది. ఒకే మాటతో రెండు వేరువేరు సంగతులు చెప్తాం. ఒకటి, వడగాలుల రోజుల్లో ఇంట్లో ఉన్న ముసలివాళ్ళకి రెండు మూడు రోజులకి మెల్లగా ముదిరేది. ఒళ్ళు పొడిబారి పెనంలా కాలిపోతుంది. రెండోది, బలంగా ఉన్న మనిషికి పనిలోనో ఆటలోనో గంటలో ముంచుకొచ్చేది. ఇందులో మనిషి నిలువెల్లా చెమటతో తడిసి ఉండొచ్చు. "చెమట పడుతోంది కదా, ఏం కాదులే" అన్న ధీమా మొదటి దాని నుంచి నేర్చుకుని రెండోదానికి వాడుతున్నాం. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ ఎండల్లో ముసలివాళ్ళతో పాటు పొలాల్లో, కట్టడాల దగ్గర పనిచేసే కూలీలూ పోయారు. వాళ్ళు చేసేదాన్ని మనం ఎక్సర్‌సైజ్ అనం గానీ ఒంటికి ఆ తేడా తెలియదు.

అమెరికాలో ఈ రెండో రకం గురించి జనం గట్టిగా మాట్లాడటం మొదలైంది కోరీ స్ట్రింగర్ చావు తర్వాత. మిన్నెసోటా వైకింగ్స్ ఫుట్‌బాల్ జట్టులో భారీ మనిషి, 27 ఏళ్ళు. 2001 జూలై 31న మాంకేటోలో ప్రాక్టీసు చేస్తూ పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ఒంటి వేడి 108 దాటి ఉంది. మర్నాడు తెల్లవారకముందే పోయాడు. అంతకు ముందురోజు కూడా ప్రాక్టీసు పూర్తిచేయలేకపోయాడు, కానీ మళ్ళీ వచ్చాడు. పట్టుదల మంచి గుణమని మనకి చిన్నప్పటి నుంచి చెప్పారు కదా.

అంతటి లీగులో అంత చర్చ జరిగాక కూడా 2018 మే 29న మేరీలాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నెయిర్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడికి అదే జరిగింది. 110 గజాల పరుగులు పది తీయాలి. ఆ రోజు వేడి ఏమంత ఘోరంగా లేదు, 80లలోనే ఉంది. పరుగుల చివర్లో మనిషి తూలిపోతున్నాడు. చల్లటి నీళ్ళ తొట్టిలో దించలేదు. ఆసుపత్రికి బయల్దేరేసరికి గంట దాటిపోయింది. జూన్ 13న చనిపోయాడు. యూనివర్సిటీ ప్రెసిడెంటు బయటికొచ్చి, చట్టపరంగానూ నైతికంగానూ ఇది మా బాధ్యతే అని ఒప్పుకున్నాడు. ఆ 80 డిగ్రీలే నాకు నిద్ర పట్టనివ్వని అంకె. నూట అయిదు డిగ్రీల రోజున చనిపోతే ఎండ చంపిందని అంటాం. ఎనభైలో చనిపోతే చంపింది శ్రమ, ఆలస్యం.

ఇక్కడ మా లీగులో జరిగింది చెప్తాను. పేర్లు అనవసరం. పోయినేడు జూన్ మొదటి వారం. నేను ఆ రోజు స్కోరరుని, టెంటు కింద ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాను. మా బౌలరొకడు, ముప్పై నాలుగేళ్ళు, మా అందరికంటే ఫిట్‌గా ఉంటాడు, హాఫ్ మారథాన్లు పరిగెత్తుతాడు. ముందురోజు రాత్రి రిలీజు కోసం రెండింటి దాకా మేలుకుని ఉన్నాడట. పొద్దున లేచి పుప్పొడి ఎలర్జీకి బెనడ్రిల్ వేసుకున్నాడట. అది చెమటని తగ్గించే మందని చాలామందికి తెలియదు. పొద్దున ఒక మ్యాచ్ అయింది, మధ్యాహ్నం రెండోది. రెండో మ్యాచ్‌లో మూడో ఓవర్ మధ్యలో బంతి తీసుకుని రనప్ మార్క్ వైపు కాకుండా అవతలి కొసకి నడవటం మొదలెట్టాడు. అందరూ నవ్వారు. కెప్టెన్ పిలిస్తే అతని మీదే గొడవకి దిగాడు. మామూలుగా గట్టిగా మాట్లాడని మనిషి. మనవాళ్ళు "ఎండకి తిక్క రేగిందిరా వీడికి" అన్నారు. ఎవరో "ఇవాళ ఏం వారంరా?" అని అడిగితే "సంక్రాంతి" అన్నాడు. దానికీ నవ్వారు.

అవతలి జట్టులో ఒకరి భార్య ఎమర్జెన్సీ వార్డులో నర్సు. ఆమె మాత్రం నవ్వలేదు. కుర్చీలోంచి లేచి గ్రౌండ్‌లోకి పరిగెత్తింది. అప్పటికే ఇద్దరు అతన్ని కారు వైపు తీసుకెళ్తున్నారు, ఏసీ వేసి ఆసుపత్రికి పోదామని. "కారెక్కించకండి! ఇక్కడే పడుకోబెట్టండి, షూస్ ప్యాడ్స్ అన్నీ లాగెయ్యండి" అని అరిచింది. "అక్కా, చెమట పడుతోంది కదా" అన్నాడొకడు. "పడనీ. వారం పేరు చెప్పలేకపోతున్నాడు, అది చాలు" అంది. పిచ్ మీద కప్పే టార్పాలిన్ తెప్పించింది. దాని మీద అతన్ని పడుకోబెట్టి, చుట్టూ ఎనిమిది మంది అంచులు పైకెత్తి పట్టుకుంటే అదొక తొట్టి అయింది. రెండు జట్ల కూలర్లలో ఉన్న ఐసూ నీళ్ళూ, గాటరేడ్ సీసాలతో సహా, అందులో కుమ్మరించారు. మెడ దాకా మునిగేట్టు ఊపుతూనే ఉన్నారు. అతను తిట్టాడు, వదలమన్నాడు. తర్వాత వణికాడు. ఒకళ్ళు 911కి ఫోన్ చేశారు. అంబులెన్స్ వచ్చేసరికి నీళ్ళలో పది పన్నెండు నిమిషాలు ఉన్నాడు. అప్పటికి తన కూతురి పేరు చెప్పగలుగుతున్నాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. నెలన్నర తర్వాత మళ్ళీ ఆఫీసుకి నడుస్తూ వెళ్ళాడు.

అది చూశాక నేను చదవడం మొదలుపెట్టాను. చదివిన వాటిలో నాకు బాగా నచ్చింది ఫాల్మత్ కథ. మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ దగ్గర ఆ ఊళ్ళో 1973 నుంచి ప్రతి ఆగస్టులో ఏడు మైళ్ళ పరుగు పందెం జరుగుతుంది. ఏడు మైళ్ళు కాబట్టి ఎవరూ ఆచితూచి పరిగెత్తరు, పూర్తి వేగంతో పోతారు. ఆగస్టు, తేమ, వేగం మూడూ కలిసి అక్కడ వడదెబ్బలు మామూలు. పద్దెనిమిదేళ్ళ రికార్డులు తీసి చూస్తే 274 మందికి అసలుసిసలు వడదెబ్బ తగిలింది. పోయినవాళ్ళు సున్నా. రెండు వందల డెబ్భై నాలుగుకి సున్నా. వాళ్ళ దగ్గర మహత్తరమైన మందేమీ లేదు. గీత దాటిన చోట టెంటు, టెంటులో ఐసు నీళ్ళ తొట్లు, పడిపోయిన మనిషిని నిమిషాల్లో అందులో దించే మనుషులు. స్ట్రింగర్ పేరు మీద 2010లో కనెక్టికట్ యూనివర్సిటీలో పెట్టిన సంస్థ కూడా ఊరూరా తిరిగి చెప్పేది అదే. ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి.

ఎందుకంటే ఒంటి లోపలి వేడి 104, 105 దాటి మెదడు తడబడటం మొదలయ్యాక, అరగంట లోపు దాన్ని 102 దగ్గరికి దించితే మనిషి దాదాపుగా నిలబడతాడు. ఐసు నీళ్ళలో మూడు నిమిషాలకి సుమారు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ దిగుతుంది. కారులో ఏసీ అందులో పిసరంత పని కూడా చేయదు. తొట్టి లేకపోతే తడి తువ్వాళ్ళు ఐసులో ముంచి తల, ఛాతీ, కాళ్ళ మీద వేసి నిమిషానికోసారి మార్చాలి, గొట్టం ఉంటే నీళ్ళు పట్టాలి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు ఇక్కడ పనికిరాదు. చెమట పట్టిన నుదుటి మీద అది 99 చూపిస్తుంది, లోపల 107 ఉండొచ్చు. చూడాల్సింది మాట, నడక. తల తిరగడం, వాంతి, పిక్కలు పట్టేయడం, ఇవి నీడలో కూర్చోబెట్టి ఉప్పు నీళ్ళు ఇస్తే సర్దుకునే దశ. మాట తేడా వచ్చిందంటే ఆ దశ దాటిపోయింది. నోట్లో నీళ్ళు పోయకూడదు, కొరబోతుంది.

911 దగ్గర మనవాళ్ళ చెయ్యి వెనక్కి లాగుతుంది. అంబులెన్స్ బిల్లు వేలల్లో వస్తుందనీ, ఇన్సూరెన్స్ ఒప్పుకోదేమోననీ, వీసా మీద ఉన్నాం ఎందుకొచ్చిన గొడవ అనీ. మొదటి రెండూ అబద్ధం కాదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల విషయంలో ఆ భయం ఇంకా ఎక్కువ. నేను వాదించను గానీ, బిల్లుకి వాయిదాలు ఉంటాయి, మెదడుకి ఉండవు. ఇక మూడోది ఉత్త భయం, వడదెబ్బ తగిలిందని వీసా ఎవరూ రద్దు చేయరు.

నీళ్ళ గురించి కూడా ఒక తప్పుడు ధైర్యం ఉంది. ఎక్కువ నీళ్ళు తాగితే వడదెబ్బ తగలదు అనుకుంటాం. నీళ్ళు తాగుతూనే వడదెబ్బ తిన్నవాళ్ళు బోలెడంత మంది. వేడి పుట్టే వేగానికీ పోయే వేగానికీ ఉన్న తేడా నీళ్ళతో పూడదు. పైగా ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళు గంటల తరబడి తాగడం వేరే ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువ ఉంది. దాహాన్ని బట్టి తాగడం, మధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. ఈ విషయంలో మా అమ్మమ్మ గాటరేడ్ కంపెనీ కంటే ముందుంది. జేబులో ఉల్లిపాయ పెట్టి బడికి పంపేది కూడా ఆవిడే. ఉల్లిపాయ సంగతి నేను హామీ ఇవ్వలేను. కానీ ఆ ఉల్లిపాయ పెట్టిన మనిషే తాతయ్యని పొద్దు పొడవకముందే పొలానికి పంపి పదింటికల్లా ఇంటికి రప్పించేది, మళ్ళీ నాలుగు దాటితే గానీ గడప దాటనిచ్చేది కాదు. మనం ఉల్లిపాయని గుర్తుపెట్టుకుని టైంటేబుల్‌ని మర్చిపోయాం. ఒంటిపూట బడులు పెట్టిన రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళం ఒంటిగంటకి టాస్ వేస్తున్నాం.

ఫీనిక్స్ వాళ్ళు దీన్ని మనుషుల వివేకానికి వదిలేయడం మానేశారు. 2023లో ఆ ఊళ్ళో వరసగా 31 రోజులు 110 దాటింది. ఆ ఏడు మారికోపా కౌంటీలో వేడి వల్ల 645 మంది చనిపోయారు. ఊరి మధ్యలో కేమల్‌బ్యాక్ కొండ ఉంది, లాంగ్ వీకెండ్‌కి వెళ్ళే మనవాళ్ళందరికీ ఫోటోల్లో ఉంటుంది. 2021 నుంచి తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆ కొండ దారి పగటిపూట మూసేస్తున్నారు. ఎక్కినవాళ్ళని దించడానికి వెళ్ళిన ఫైర్ సిబ్బందే వడదెబ్బ తింటుంటే ఆ నిర్ణయం తీసుకున్నారు. అక్కడే ఇంకో నిబంధన కూడా ఉంది. వంద డిగ్రీలు దాటితే కొండ దారుల్లో కుక్కల్ని తీసుకెళ్ళకూడదు. అది 2016 నుంచే ఉంది. మనుషుల కంటే అయిదేళ్ళు ముందు. గ్రాండ్ కాన్యన్‌లో ఎక్కడ చూసినా పది నుంచి నాలుగు మధ్య నడవద్దని బోర్డులుంటాయి. అక్కడ మోసం ఏమిటంటే ముందు దిగడం, తర్వాత ఎక్కడం. దిగేటప్పుడు పొద్దున, హుషారు. ఎక్కేటప్పుడు మధ్యాహ్నం, సీసా ఖాళీ, అడుగున పైకంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ.

మా లీగు కమిటీ మూడు వారాలు వాట్సాప్‌లో కొట్టుకుని చివరికి కొన్ని మార్చింది. జూన్ నుంచి ఆగస్టు దాకా మొదటి బంతి ఆరూ నలభై అయిదుకి, పదకొండు తర్వాత ఆట లేదు, ఒక మనిషికి ఒక రోజు ఒకే మ్యాచ్. సీజన్ మొదటి రెండు వారాలు ఇరవై ఓవర్లకి బదులు పన్నెండు. దీనికి వచ్చినంత వ్యతిరేకత దేనికీ రాలేదు, నెట్ రన్‌రేట్ లెక్క చెడిపోతుందట. నల్ల జెర్సీల మీద తీర్మానం ఓడిపోయింది. జ్వరం తగ్గిన మర్నాడు, ముందురోజు రాత్రి పార్టీ అయిన మర్నాడు ఆడొద్దని రాద్దామంటే, రెండోది అమలైతే టీములే ఉండవన్నారు. అది వదిలేశాం.

తొట్టి మాత్రం కొన్నాం. ట్రాక్టర్ సప్లై షాపులో పశువులకి నీళ్ళు పెట్టే వంద గ్యాలన్ల ప్లాస్టిక్ తొట్టి దొరుకుతుంది. ఇక్కడి ఫుట్‌బాల్ టీముల్లో చాలామంది వాడేది అదే. మా గుంటూరు కెప్టెన్ దాన్ని చూడగానే "ఇది కుడితి తొట్టి కదరా" అన్నాడు, ఇక ఆ పేరే ఖాయమైంది. మ్యాచ్ రోజున సగం నీళ్ళు నింపి నీడలో పెడతాం. పక్కన రెండు కూలర్ల ఐసు, దాని మీద "తాగడానికి కాదు" అని మూడు భాషల్లో కాగితం. ఈ సీజన్‌లో ఇప్పటిదాకా ఎవరినీ అందులో దించాల్సిన అవసరం రాలేదు. పదకొండింటికి ఆట అయిపోగానే పిల్లలు నలుగురైదుగురు అందులోకి దూకేస్తారు, మేం టెంట్లు విప్పుతుంటాం. దాన్ని వారం మధ్యలో ఎవరి గరాజ్‌లో పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి మా ఇంట్లో ఉంది. మా ఆవిడ అందులో కరివేపాకు కుండీలు పెట్టింది, శుక్రవారం సాయంత్రానికల్లా ఖాళీ చేసి ఇవ్వాలని ఒప్పందం.